‘చాదస్తం’ జోలికి పోవద్దు

చిన్నీ,

మంగళవారం నాన్న గొంతు పోయింది. కంప్యూటర్ నత్తనడక నడుస్తోందని, వెనకాల ఊరికే నడిచే సర్వీసులు కొన్ని నేనే ఆపేశాను. జాబితాలో ‘చాదస్తం’ అని ఒకటి కనబడితే, పనికిమాలినదనుకుని దాన్నీ ఆపాను. మర్నాడు పొద్దున ఏడున్నరకి కంప్యూటర్‌లోంచి “పంతులమ్మా, కళ్ళజోడు పెట్టుకున్నావా?” అన్న నాన్న మాట వినపడలేదు. నాన్న పోయిన ఈ ఆరు నెలల్లో ఒక్కరోజు కూడా మానని మాట. నీకు చెప్పడానికి నోరు రాలేదు.

నిన్న క్లాసులో ఒక పిల్ల “చాదస్తం అంటే ఏంటి టీచర్?” అని అడిగింది. అప్పుడు తట్టింది. ఆయన ఏం గుర్తుచేసినా “ఏమిటీ చాదస్తం” అని విసుక్కునేదాన్ని కదా, తన గొంతు రికార్డు చేసి రోజూ పలికేలా పెట్టినదానికి ఆ పేరే పెట్టుకున్నారు. రాత్రి మళ్ళీ ఆన్ చేశాను. పొద్దున పలికింది. కుర్చీలో కూలబడి చాలాసేపు నవ్వాను.

నువ్వు రాగానే ఆటలవీ, పాత ఫోనుదీ ఆపెయ్యి. ప్రింటర్‌ది ఉంచు, ప్రశ్నపత్రాలు తీయాలి. బల్ల మీద నీ భోజనం మూతపెట్టి ఉంది.

అమ్మ

తా.క.: ఆ గొంతుకి ఇంకో కాపీ తీసి దాచడం నాకు చేతకాలేదు. ఆ పని అలాగే ఉంది.