ఒరేయ్ కాస్తా గారు అయిన రోజు

బుధవారం, రాత్రి

రెండేళ్లుగా నన్ను "ఒరేయ్" అని తప్ప పిలవని సూపర్‌వైజర్ సత్తిబాబు ఈరోజు "శ్రీను గారూ, రిపోర్టు మీద ఓ సంతకం పెట్టండి" అన్నాడు. అక్కడే అనుమానం వచ్చింది.

యానాం అవతల గ్యాస్ ప్లాంటుకి వెళ్లే ప్రెషర్ ట్యాంకు టెస్టు రిపోర్టు అది. లోపలి వేడిని కొలిచే ఆరు గాజు ఫైబర్లు ట్యాంకు గోడలోంచి బయటికి వస్తాయి. ఒక్కోటీ వెంట్రుకంత. వాటి చుట్టూ జిగురు నింపి సీలు చేసింది నేనే. వీడియోలు చూసి నేర్చుకున్న పని. జిగురు గట్టిపడటానికి ఒక రోజు పూర్తిగా పడుతుంది. నిన్న సాయంత్రం పోస్తే, ఈ ఉదయం నేను రాకముందే నీళ్లు నింపి, ప్రెషర్ ఎక్కించి టెస్టు చేసేశారట!

"మీటరు ముల్లు ఒక్క గీత కూడా కదల్లేదండి. అంతా మీ చేతి మహిమ!" అన్నాడు సత్తిబాబు.

మండే ఎండలో ఉన్న ట్యాంకు. లీకైతే ముల్లు కిందికి రావాలి, వేడెక్కితే పైకైనా పోవాలి కదా? వెళ్లి చూస్తే మీటరుకి వెళ్లే వాల్వు మూసి ఉంది. లోపల ఏం జరిగినా ముల్లుకి తెలిస్తేగా!

"ఇదేంటండి?" అన్నాను.

"టెస్టయ్యాక మూశాంలెండి. రేపు పొద్దున్నే లారీ వచ్చేస్తాది. మనలో మనకి ఇవన్నీ ఏంటండి?"

ఆ సీలు ఊడితే లోపలి గ్యాసు, పక్కన నిలబడ్డవాడి ముఖం మీదికి కొడుతుంది. కాగితం మీద ఉండేది నా పేరు. సంతకం పెట్టి తెస్తానని చెప్పి దాన్ని ఇంటికి తెచ్చేశాను. ఈ డైరీ పేజీల మధ్యే ఉంది.

ఇందాక ఫోన్ చేశాడు. "వాల్వు తెరిచి, నా ముందు మళ్లీ టెస్టు పెట్టండి. అప్పుడే సంతకం" అన్నాను.

వెంటనే, "ఒరేయ్, కాగితం తెస్తావా లేదా?"

అదీ. ఇప్పుడు నాకు ఏ అనుమానమూ లేదు.