రెండోసారి పాడించినందుకు

నాటకశాలల అధికారి గారి సముఖమునకు, సామిల్లులో దుంగలు కొలిచే గుమాస్తా రాసుకున్న అర్జీ.

విషయం: నాటక బృందం ప్రధాన గాయని గారిని రాణి పాత్ర నుంచి తప్పిస్తూ తాము జారీ చేసిన ఉత్తర్వులో మూడో పేరా కొట్టివేయవలసిందిగా కోరుట గురించి.

అయ్యా,

మూడు రోజులుగా ఇక్కడ ముసురు పట్టింది. దుంగలు నాని రంపానికి లొంగడం లేదు. పొద్దున నలభై దుంగలకు నంబర్లు వేసి, టార్పాలిన్లు కప్పించి, ఇక పని లేక ఈ అర్జీ రాయడానికి కూర్చున్నాను. తమ ఉత్తర్వు నకలు నాటకశాల గోడకు అంటించి ఉండగా నిన్న చదివాను. దానిపై మనవి చేసుకొనునది ఏమనగా:

1. నేను ఇరవై రెండేళ్లుగా సదరు నాటకశాలలో రెండో వరస బెంచీ మీద కూర్చుని సంగీత నాటకాలు చూస్తున్నవాడిని. రంపం హోరులో అరిచి అరిచి నా గొంతు పెద్దదైంది. అందువల్ల నన్ను అందరూ మైకు అంటారు. పాట బాగుంటే మొదట "వన్స్ మోర్" అనేది నేనే. ఆ తర్వాత హాలంతా అంటుంది. వన్స్ మోర్ పడితే ప్రధాన పాత్రధారి ఆ పాట మళ్లీ పాడి తీరాలి. పాడకపోతే గొంతు పోయిందంటారు. ఇది ఎక్కడా రాసిపెట్టి లేని నిబంధన అయినా, నాటకాలవాళ్లు ఎవరూ దాటరు.

2. రాజ్యం పోయిన రాణి కోట తాళాలు శత్రువుకి అప్పగిస్తూ పాడే పాట తాము విన్నదే. ఇంతకుముందు ఆ పాత్ర వేసినావిడ ఏడుస్తూ పాడేది, మేమూ ఏడ్చేవాళ్లం. ఈవిడ ఏడవదు. ఊరెళ్తూ పక్కింటివాళ్లకు తాళంచెవి ఇచ్చినట్టు ఇస్తుంది. ఏ తాళం ఏ గదిదో చెప్పే చరణంలో ఎక్కడా రాగం సాగదీయదు. పిల్లల గది దగ్గర మాత్రం కాస్త ఆగి, ఆ ఒక్క మాట మామూలుగా అని, అక్కడి నుంచి పైస్థాయికి వెళ్తుంది. ఆ ఆగడం కోసమే ఆ నాటకం పదకొండుసార్లు చూశాను. ఈ సంగతి ఆవిడకు ఎన్నడూ చెప్పలేదు. అరవడం తప్ప నాకు మెచ్చుకోవడం చేతకాదు.

3. తాము తనిఖీకి వచ్చిన రోజు మధ్యాహ్నం ఆవిడ మెడకు మఫ్లరు చుట్టుకుని మిల్లుకు వచ్చింది.

"అన్నయ్యా, ఇవాళ తాళాల పాటకి అరవకు."

"అదేంటమ్మా?"

"జ్వరం తగ్గి నాలుగు రోజులే అయింది. ఒకసారికి ఊపిరి సరిపోతుంది, రెండోసారికి చాలదు. పైగా పెద్దాయన తనిఖీకి వస్తున్నాడు. నువ్వు ఊరుకుంటే హాలూ ఊరుకుంటుంది."

"సరేలేమ్మా, నోట్లో రంపపు పొట్టు పోసుకుని కూర్చుంటాను" అన్నాను. ఆవిడ నవ్వి వెళ్లింది.

4. ఆ సాయంత్రం చుట్టపుచూపుగా వచ్చిన మా బావమరిది నా పక్కన కూర్చున్నాడు. నేను కేక వేస్తే రాణులైనా వెనక్కి రావలసిందేనని అతనికి రెండు రోజులుగా గొప్పలు చెప్పి ఉన్నాను. ఆవిడ మొదటిసారి ఎక్కడా చెదరకుండా పాడింది. హాలంతా నా వైపు చూసింది. నేను పెదవి విప్పలేదు.

"ఏం బావా, మైకు పాడైందా? మా అక్క ముందు ఎటూ పనిచెయ్యదు, ఇక్కడా అంతేనా?"

చుట్టుపక్కలవాళ్లు నవ్వారు. నేను లేచి అరిచాను.

ఆవిడ నా బెంచీ వైపు చూసింది. హార్మోనియం ఆయన వద్దన్నట్టు తల ఊపాడు. ఆవిడ మొదలుపెట్టమని చెయ్యి చూపించింది. ఈసారి పిల్లల గది దాకా రాకుండానే ఊపిరి కోసం ఆగింది. పైస్థాయిలో గొంతు చీలింది. వెనక బెంచీల్లో ఎవరో ఈల వేశారు.

5. ఇంతవరకు రాయడం తేలికే. "ఇదేనా నువ్వు చెప్పిన గొంతు?" అని బావమరిది అడిగాడు. నావల్లే ఇలా అయిందని చెప్పడానికి నోరు రాలేదు. "వయసైపోయింది. ఇంక మానుకోవాలి" అన్నాను. ముందు వరసలో ఉన్న తాము తల తిప్పి, "మీరు ఎప్పటినుంచి చూస్తున్నారు?" అని అడిగారు. ఇరవై రెండేళ్లని చెప్పాను. తాము రాసుకున్నారు. అప్పుడైనా లేచి నిజం చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. ఆట అయ్యేదాకా అక్కడే కూర్చున్నాను.

ఉత్తర్వు మూడో పేరాలో "చిరకాల ప్రేక్షకుల అభిప్రాయం కూడా ఇదే" అని ఉంది. ఆ ప్రేక్షకులు నేనొక్కడినే. అది అభిప్రాయం కాదు, అబద్ధం.

కావున సదరు పేరా కొట్టివేసి, ఆవిడ మొదటిసారి పాడినదాన్నే పరిగణించి, రాణి పాత్రలో కొనసాగించవలసిందిగా కోరుతున్నాను. కావాలంటే ఈ అర్జీని నా సంతకంతో అదే గోడకు అంటించండి. నన్ను ఇకపై నాటకశాలలోకి రానివ్వకపోయినా సమ్మతమే.

ఇందలి నిజం చిత్తగించి ఆవిడకు న్యాయం జరిపించవలెనని,

ముఖం చూపలేక కాగితం పంపుకుంటున్న
తమ విధేయుడు,
దుంగల గుమాస్తా

తా.క. పంపే ముందు ఆవిడకు చదివి వినిపిద్దామని బృందం బసకు వెళ్లాను. హార్మోనియం ఆయన ఒక్కడే ఉన్నాడు, పెట్టెకు తాడు బిగిస్తున్నాడు. "ఇప్పుడా రావడం, మైకూ?" అన్నాడు. తాడు ముడి వేస్తూనే సంగతి చెప్పాడు. ఆవిడ నిన్న ఉదయం ఆరున్నర బస్సుకు చెల్లెలి ఊరికి వెళ్లిపోయింది. ఆయనతో సహా మిగతా బృందం ఈ రోజు రెండు గంటలకు లారీలో బయల్దేరింది.