కొత్త కంప్యూటర్ కొనలేదు, అక్కా

కోదాడ.

అక్కకు, బావకు తమ్ముడు యాదగిరి దండాలు. మీరంతా బాగున్నారని, గొర్లకు వచ్చిన కాళ్ల జబ్బు తగ్గిందని అనుకుంటున్నాను. చిన్నది బడికి పోనని ఏడవడం మానిందా? నేను, నీ మరదలు సుగుణ ఇక్కడ బాగానే ఉన్నాం. జ్వరం గిరం ఏమీ లేవు, తిండికి లోటు లేదు. అయినా ఈ ఉత్తరం మొదలుపెట్టడం, చింపేయడం, ఇదే నా పనైపోయింది.

కోదాడ వచ్చి రెండు నెలలు దాటింది. సిమెంటు ఫ్యాక్టరీలో లారీలు తూచే కాటా దగ్గర నా పని. ఎండలు మన పెన్‌పహాడ్ ఎండల్లాంటివే, కాని ఇక్కడ గాలి పీలిస్తే గొంతులో బూడిద. పక్కింటామె మంచిదే. సుగుణ కొంచెం అనడానికి "జర" అంటే మాత్రం ముసిముసిగా నవ్వుతుందట. అందుకని సుగుణ ఆమెతో మాటలు తగ్గించింది. నేను డ్యూటీకి పోతే ఇంట్లో సుగుణకు తోడు కంప్యూటరే.

అది నువ్వు చూసిందే. సూర్యాపేటలో సుగుణ పనిచేసిన ప్రెస్సు మూతపడినప్పుడు సేటు ఇచ్చిన పాతది. నల్ల తెర మీద ఆకుపచ్చ అక్షరాలు. టీవీ అయితే బొమ్మ రాదేమని అడిగావు నువ్వు. ఇక్కడ కూడా దాని మీదే బడుల ప్రశ్నపత్రాలు, పెళ్లి కార్డులు టైపు చేస్తోంది. కాని దానికి ఓపిక అయిపోయింది. ఒక పేజీ అచ్చు రావాలంటే ఈలోగా చాయ్ కాచుకుని తాగొచ్చు. కార్డు మీద పూలతీగలు కావాలంటే దానివల్ల కాదు. బస్టాండు దగ్గర రంగుల తెరలతో ఒక సెంటర్ వెలిసింది. మా దగ్గరికి వచ్చేవాళ్లు ఒక్కొక్కరే అటు మళ్లారు.

పైగా తెర మసకబారుతోందని సుగుణ అనడం మొదలుపెట్టింది. టైపు చేస్తూ వరుస చివర అక్షరాలు వదిలేస్తోంది. ఒక కార్డులో పెళ్లికూతురి ఇంటిపేరే పోయింది. వాళ్లు పెద్దగా ఏమీ అనలేదు కాని, ఆ రోజు సుగుణ అన్నం ముట్టలేదు. ఆ తెరను దుప్పట్లో చుట్టి, బస్సులో ఒడిలో పెట్టుకుని సూర్యాపేట తీసుకుపోయాను. మెకానిక్ విప్పి చూసి తెరకు ఏ రోగమూ లేదన్నాడు. మిషనే పాతబడింది, మిర్యాలగూడలో పాతది తీసుకుని కొత్తది ఇచ్చే షాపు ఉంది, ఒకసారి చూడండి అన్నాడు.

ఆదివారం ఇద్దరం మిర్యాలగూడ పోయాం. సుగుణ పెళ్లికి పోయినట్టు తయారైంది. షాపాయన కొత్త కంప్యూటర్ పెట్టి చూపించాడు. తెల్లటి పెద్ద తెర, దాని ముందు కూర్చున్న మనిషి మొహం మీద వెలుగు పడుతోంది. ఆమె చేతికి మౌస్ ఇచ్చి, బాణం గుర్తును బొమ్మ మీదికి తెచ్చి నొక్కమన్నాడు. సుగుణ మౌస్ కదిపింది. తల అటు తిప్పింది, ఇటు తిప్పింది. కొత్త కదా, అలవాటైతే సులువేనని షాపాయన ధైర్యం చెప్పాడు. సుగుణ నా చెయ్యి పట్టుకుని మెల్లగా అడిగింది.

"బాణం ఏడుంది? నీకు కనబడుతుందా?"

"గా మూలకు ఉంది గదా" అన్నాను.

"నాకు కనబడ్తలేదు. గీ తెర గూడ మసకనే ఉంది."

మళ్లీ వస్తామని చెప్పి లేచాం. తిరుగు బస్సు హుజూర్‌నగర్ దాటేసరికి పొద్దుగూకింది. అప్పటిదాకా కిటికీలోంచి చూస్తూ కూర్చున్న మనిషి, ఉన్నట్టుండి అంది, "చిన్నప్పటి నుంచి నాకు పొద్దుగూకితే జర తక్కువనే కనబడ్తది. అందరికీ గంతే అనుకున్న."

ఈ కిరాయి ఇంట్లో ఆమె గడపకు తట్టుకుని పడ్డప్పుడల్లా, గడప ఎత్తుగా కట్టారని ఓనర్‌ను తిట్టుకున్నాను. సూర్యాపేట ఇంట్లో ఆమె కళ్లతో కాదు, అలవాటుతో నడిచిందని ఇప్పుడు తెలిసింది.

హైదరాబాద్‌లో పెద్ద కళ్ల దవాఖానకు తీసుకుపోయాను. మందు వేసి, దీపం పెట్టి చాలాసేపు చూశారు. అమ్మానాన్నలది మేనరికమా అని అడిగితే అవునన్నాం. కంటి వెనక పొర ఎండిపోతోందట. చూపు అంచుల నుంచి లోపలికి ముడుచుకుంటూ వస్తుందట. అద్దాలకు, ఆపరేషన్‌కు లొంగేది కాదట. ఎన్నేళ్లకు ఎంత పోతుందో చెప్పలేమన్నారు. సుగుణ అడిగింది ఒక్కటే, కంప్యూటర్ చూసి చూసి వచ్చిందా అని. కాదమ్మా, పుట్టుకతోనే ఉందని డాక్టరమ్మ అనగానే, అప్పటిదాకా గట్టిగా ఉన్న మనిషి ఏడ్చేసింది.

కొత్త కంప్యూటర్ మాట ఖతం అయింది. దాని మీద ప్రతి పనికీ బాణాన్ని వెతుక్కోవాలి. పాతదాని మీదైతే ఆమె వేళ్లకు దారి తెలుసు. డ్యూటీ నుంచి వచ్చాక పక్కన కూర్చుని నేను చదువుతుంటే ఆమె టైపు చేస్తుంది, తెర మీది తప్పులు నేను చెబుతాను. నా చదువు నీకు తెలుసు కదా, ఒత్తులు వస్తే తడబడతాను. అప్పుడు నవ్వుతుంది. ఆ నవ్వు చూడలేక మంచినీళ్ల వంకతో బయటికి పోతాను. ఆ మిషన్ కూడా ఆగిపోతే ఏం చేయాలో నేనింకా ఆలోచించలేదు.

నీకు రాయొద్దంది. వదిన పరేషాన్ అయితదంది. కాని మొన్న తల దువ్వుకుంటూ, చిన్నదానికి ముందు పళ్లు ఊడాయా అని అడిగింది. దువ్వెన పక్కన పెట్టి, "అందర్ని ఒకపారి మంచిగ సూడాలె" అంది.

అందుకని గొర్లను నాలుగు రోజులు ఎవరికైనా అప్పజెప్పి ముగ్గురూ రండి. వచ్చేటప్పుడు జొన్నపిండి తేగలిగితే తెండి, ఇక్కడి పిండితో రొట్టె విరిగిపోతోంది. ఆమె ముందు కళ్లనీళ్లు పెట్టుకోవద్దు. పెద్దమ్మకు, వాడకట్టు పెద్దలకు మా ఇద్దరి దండాలు చెప్పి, సుగుణను దీవించమని అడుగు.

సూర్యాపేటలో పొద్దున బస్సే ఎక్కండి. సాయంత్రం బస్సు వద్దు, అది చేరేసరికి చీకటి పడుతుంది. పొద్దుండగానే రండి అక్కా, గుమ్మంలోకి వస్తున్నప్పుడే ఆమె మీ మొహాలు చూస్తుంది.

మీ చల్లని చేయి మా తల మీద ఉండాలని కోరుతూ,
తమ్ముడు
యాదగిరి