ఊపిరి తీసే చోటు

17 సెప్టెంబర్ 1996, మంగళవారం

ఈరోజు మెషీన్ ఆన్ చేయలేదు. విశ్వకర్మ పూజ, పనిముట్ల పండగ. డాక్ పక్కన మా పేట ఏక్‌బాల్‌పూర్ మొత్తం మీద ఒక్క స్పానర్ కూడా కదల్లేదు. పిల్లలు మేడలెక్కి గాలిపటాలు ఎగరేస్తున్నారు. పూజ కాబట్టి మా మెషీన్‌కి సెలవని అడిగినవాళ్ళందరికీ చెప్పాను. నిజానికి అది నెల రోజులుగా సెలవులోనే ఉంది.

డాక్ వర్క్‌షాపులో ప్రతి మెషీన్‌కీ లాగ్ ఉండేది. ఏ రోజు ఏం చేసింది, ఏం చేయనంది, అన్నీ రాసేవాళ్ళం. వీఆర్‌ఎస్ తీసుకుని ఇంటికొచ్చాక ఆ అలవాటొక్కటే నాతో వచ్చింది. కాబట్టి ఇందులో మెషీన్ గురించే రాయాలి. కానీ మొదటి పేజీలోనే మా ఆవిడ జగ్గమ్మ దూరిపోతోంది, ఏం చేయను?

సెకండ్‌హ్యాండ్ ఎయిర్ కంప్రెసర్. ఇంటి వెనక రేకుల షెడ్డులో పెట్టాను. బండ్లకి స్ప్రే పెయింటింగ్ చేద్దామని. తెచ్చిన రోజు జగ్గమ్మ దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, ఇది గాలి ఎక్కడి నుంచి పీలుస్తుందని అడిగింది. పైన చిల్లుల మూత ఉన్న గుండ్రటి డబ్బా చూపించి, ఇదే దీని ముక్కు, ప్రాణం ఇక్కడి నుంచే లోపలికి వెళ్తుందని గొప్పగా చెప్పాను. మా పెళ్ళయిన ఇన్నేళ్ళలో నా పని గురించి ఆమె అడిగిన మొదటి ప్రశ్న అది. నాకెంత సంతోషమేసిందో ఆమెకి చెప్పలేదు.

ఈరోజు ట్యాంకుకి బంతిపూల దండ వేసింది. బెల్టు దగ్గర నిమ్మకాయ, మిరపకాయలు కట్టింది. ముక్కుకి పసుపు రాసి బొట్టు పెట్టింది. పెళ్ళికూతురిలా ఉంది. పని మాత్రం చేయదు.

19 సెప్టెంబర్, గురువారం

జబ్బు ఇది. ట్యాంకు నిండితే గేజ్ సూది బాగానే నిలబడుతుంది. స్ప్రే గన్ నొక్కగానే జానెడు మేర రంగు మెత్తగా, మంచులా పడుతుంది. అంతే. గాలి నీరసించిపోయి చినుకులు చినుకులుగా కక్కుతుంది. ఆరాక చూస్తే కమలాపండు తొక్కలా గరుకు. మళ్ళీ ట్యాంకు నిండాలంటే నేను బజారుకెళ్ళి టీ తాగి వచ్చినా మోటారు ఇంకా మూలుగుతూనే ఉంటుంది.

లీకేమో అని జాయింట్లన్నిటికీ సబ్బు నురుగు పూశాను. ఒకచోట బుడగ లేచింది. బిగించాను. సంబరపడ్డాను. ఏమీ మారలేదు.

జగ్గమ్మ తొంగి చూసి, ఈరోజు దీనికి తలంటా అని అడిగింది.

20 సెప్టెంబర్, శుక్రవారం

ప్రతి శుక్రవారంలాగే జగ్గమ్మ గడపకి పసుపు రాసి, మిగిలింది తెచ్చి మెషీన్‌కి పూసింది. నేనూ దండం పెట్టుకున్నాను. గాలి రాలేదు.

23 సెప్టెంబర్, సోమవారం

హారాధన్ దా వచ్చాడు. టాక్సీల ఓనర్, ఇక్కడ అన్నని దా అంటారు. దుర్గాపూజ లోపల రెండు టాక్సీలకి కొత్త పసుపు రంగు వేయించాలట. నచ్చితే ఇక అతని బండ్లన్నీ నా దగ్గరికే. శాంపిల్‌గా వేసిన డోర్ మీద వేలు రాసి చూశాడు. మంచి మనిషి, తిట్టలేదు. మహాలయ అమావాస్య దాకా చూస్తాను దాదా అని మాత్రం చెప్పి వెళ్ళాడు. అతను తిడితే బాగుండేది.

సాయంత్రం నా స్నేహితుడు గురువులు వచ్చాడు. డాక్‌లో నా పక్క బెంచీలో పనిచేసినవాడు. హౌరాలో గంగ ఒడ్డున ఒక గొడౌన్‌కి నైట్ దర్వాన్, అంటే రాత్రి కాపలావాడు, కావాలట, నాకోసం మాట్లాడి పెట్టాడట, వాళ్ళు కూడా మహాలయ దాకానే ఆగుతారట. మెషీన్లు కంపెనీలకిరా, మనకెందుకు, అన్నాడు. వాడు నా మంచికే చెప్పాడు.

నా ఛాతీ సంగతి వాడికీ తెలుసు. ఓడల తుప్పు గీకిన దుమ్ము అందులో ఉంది. చలికాలం వస్తే పిల్లిపిల్లని మింగినట్టు కీచుమంటుంది. రాత్రంతా గంగ గాలిలో కూర్చుంటే ఎన్నాళ్ళు ఉంటానో నాకే నమ్మకం లేదు. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. జగ్గమ్మ వింటోంది.

25 సెప్టెంబర్, బుధవారం

బెల్టు బిగించాను. సన్న పైపు తీసేసి లావు పైపు వేశాను. ట్యాంకు అడుగున నీళ్ళు వదిలాను. పేటలో వోల్టేజీ తక్కువేమో అని మధ్యాహ్నం ఫ్యాన్లన్నీ ఆపించి చూశాను. జగ్గమ్మ విసనకర్రతో విసురుతూ నా వెనకే నిలబడింది. వాల్వ్ విప్పాను. శుభ్రంగా ఉంది. పిస్టన్ రింగులు కూడా బాగానే ఉన్నాయి.

వర్క్‌షాపులో నన్ను డాక్టర్ అనేవాళ్ళు. ఈరోజు రోగి ముందు డాక్టర్‌కే ఏడుపొచ్చింది. గమ్‌ఛా తువ్వాలుతో మొహం తుడుచుకుని లోపలికెళ్ళాను. కళ్ళలో థిన్నర్ పడిందని చెప్పాను.

27 సెప్టెంబర్, శుక్రవారం, మధ్యాహ్నం

దొరికింది.

మోటారు ఆన్ చేసి గేజ్ ముందు కూర్చున్నాను. సూది మెల్లగా ఎక్కుతోంది. జగ్గమ్మ పసుపు గిన్నెతో వచ్చింది. మామూలుగా ఆపి ఉన్నప్పుడే పూసేది, ఈరోజు నేను ఆపలేదు. తడి పసుపు మూతకి రాసింది. నా కళ్ళ ముందే ఆ పసుపు చిల్లుల్లోంచి లోపలికి పోయింది. మెషీన్ పీల్చేసుకుంది. మోటారు గొంతు మారింది. సూది ఎక్కడిదక్కడ ఆగిపోయింది. ఆమె బొట్టు పెట్టి, కళ్ళు మూసుకుని, ఏదో చాలాసేపు మొక్కుకుని వెళ్ళిపోయింది.

ఆమె చేపలకి వెళ్ళేదాకా ఆగి, మూత విప్పాను. లోపల గాలిలో దుమ్ము ఆపే ఫెల్ట్ ఫిల్టర్ ఎండిన పసుపుతో బెల్లం అచ్చులా గట్టిపడింది. ఇన్ని శుక్రవారాల పసుపు. ఇంత ముక్కు మూస్తే అది మాత్రం ఏం పీలుస్తుంది?

కంప్రెసర్ నీరసపడితే మొదట చూడాల్సింది ఫిల్టర్. కొత్తగా చేరినవాళ్ళకి నేను నేర్పిన మొదటి పాఠం అదే. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది. ఆ మూతని నేను రోజూ చూస్తూనే ఉన్నాను. దాని మీద ఉన్నది నాకు బొట్టులా కనిపించింది కానీ మురికిలా కనిపించలేదు. పైగా దండం కూడా పెట్టాను.

ఫెల్ట్‌ని కిరసనాయిల్‌లో, తర్వాత సబ్బు నీళ్ళలో ఉతికాను. అంచులు పీలికలయ్యాయి. ఆరబెట్టి అదే పెట్టాను. ఇక్కడి చాందినీ చౌక్ బజారుకి వెళ్ళి కొత్తది తేవాలి. డబ్బా లోపల కర్చీఫ్‌తో తుడిచాను.

అదే రోజు, సాయంత్రం

గన్ నొక్కాను. డోర్ ఈ చివర నుంచి ఆ చివరకి ఒకే ఊపిరిలో రంగు పడింది. అద్దంలా ఉంది. అందులో నా మొహం నవ్వుతోంది.

జగ్గమ్మ పరిగెత్తుకొచ్చి, ఏమైంది, ఎలా బాగయింది అని అడిగింది. బెల్టు అన్నాను. బెల్టు వదులైందన్నాను. బెల్టు బుధవారమే బిగించావు కదా అంది. మళ్ళీ వదులైందన్నాను.

ఎందుకు చెప్పలేదంటే, రాసుకుంటాను. వీఆర్‌ఎస్ తీసుకున్నాక నేను గోడ వైపు తిరిగి పడుకున్నాను. చాలా రోజులు. తిండి పెడితే తిన్నాను, లేకపోతే లేదు. అప్పుడు జగ్గమ్మ ఒక్క మాట అనలేదు. ఏడవలేదు. శుక్రవారం గడపకి పసుపు రాయడం మాత్రం మానలేదు. ఈ మెషీన్ వచ్చాకే ఆమె మళ్ళీ నవ్వడం చూశాను. దాని ముక్కు మూసింది నీ పసుపే అంటే ఆ గిన్నె మళ్ళీ ముట్టుకోదు. నాకు మెషీనూ కావాలి, ఆ శుక్రవారాలూ కావాలి.

3 అక్టోబర్, గురువారం

రేపు శుక్రవారం. ఉపాయం చేశాను. మా అమ్మ అన్నం తిన్న కంచు పళ్ళెం అటక మీద ఉంది. దాన్ని ట్యాంకు పొట్ట మీద క్లాంపుతో బిగించాను. పెద్ద డాక్‌లో ఇలాగే చేస్తారు, దేవుడు ఉండేది ముక్కులో కాదు పొట్టలో, అని జగ్గమ్మకి చెప్పాను. అబద్ధాలు చెప్పడంలో నాకు సర్వీసు లేదు. చెవులు కాలిపోయాయి.

4 అక్టోబర్, శుక్రవారం

కంచు పళ్ళానికి పసుపు, బొట్టు. ముక్కు జోలికి పోలేదు. ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

జగ్గమ్మ ప్రశ్న అడగకపోవడమేమిటి? కూరగాయలవాడిని కూడా వంకాయకి ఊరు, పేరు అడుగుతుంది.

11 అక్టోబర్, శుక్రవారం

రెండు టాక్సీలూ అయిపోయాయి. హారాధన్ దా వేలు రాసి చూశాడు, ఈసారి చెయ్యంతా రాశాడు. పూజ అయ్యాక మిగతా బండ్లు పంపిస్తానన్నాడు. రేపు మహాలయ. గురువులుకి కబురు పంపాను, దర్వాన్ పని వేరే వాళ్ళకి ఇవ్వమని. వాడు వచ్చి నన్ను తిట్టి, మెషీన్‌కి దండం పెట్టి, చేపల పులుసు తిని వెళ్ళాడు.

జగ్గమ్మ టాక్సీ రంగు చూసి అచ్చం తన పసుపే అంది. నేను వంగి గన్ తుడవడం మొదలుపెట్టాను.

17 నవంబర్, ఆదివారం

చలి మొదలైంది. ఛాతీ కీచుమంటోంది కానీ పోయినేడంత కాదు. నా మంకీ క్యాప్ కనిపించడం లేదు. నీలం రంగుది. ట్రంకు పెట్టెంతా తిరగేశాను. జగ్గమ్మని అడిగితే ఎలకలు తీసుకుపోయి ఉంటాయంది. అంత పెద్ద ఎలకలా?

22 నవంబర్, శుక్రవారం

మూడు బండ్లు వరసగా వచ్చాయి. చాందినీ చౌక్ వెళ్ళడం ఇప్పటికీ కుదరలేదు. ఆ పీలికల ఫెల్ట్ ఈపాటికి మట్టి కొట్టుకుపోయి ఉంటుందని భయపడుతూ మూత విప్పాను.

ఫెల్ట్ లేదు. నీలం ఉన్ని ముక్క ఉంది. గుండ్రంగా కత్తిరించి, అంచు పోగులు లేవకుండా పసుపు దారంతో చుట్టూ కుట్టి ఉంది. మట్టి లేదు. ఉతికి ఆరేసిన వాసన వేస్తోంది. ఎన్నిసార్లు ఉతికిందో. నేనేమో మెషీన్ గాలి అంత బాగా వస్తోందని మురిసిపోతూ ఉన్నాను ఇన్నాళ్ళూ.

దాన్ని చేతిలో పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. జగ్గమ్మ వెల్లుల్లి వలుస్తోంది. తలెత్తకుండానే అంది:

"మిషను బాగయిన దినం నీ కర్చీపు ఉతికినాను కదా మావా. పసుపూ, నూనె మడ్డీ. నాకు తెల్దేటి అదెక్కడి పసుపో? ముక్కు మూసీసింది నానే."

నువ్వు బాధపడతావని చెప్పలేదన్నాను. పసుపు గిన్నె మానేస్తావని భయమేసిందన్నాను. ఆమె వెల్లుల్లి పక్కన పెట్టింది.

"నువ్వు గోడకేసి తిరిగి తొంగున్న దినాలు నాను సూసినాను. దానికన్నా బాదేటుంటాది? నువ్వు అబద్దం సెప్పీసి, సెవులు ఎర్రగా సేసుకోని, అత్త కంచం బిగిత్తంటే నవ్వు ఆపుకోనేక సచ్చినాను."

అని నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. వెల్లుల్లి ఘాటంది. వెల్లుల్లికి కళ్ళు మండుతాయా అని నేను అడగలేదు. నేను థిన్నర్ అన్న రోజు ఆమె కూడా అడగలేదు.

ఉన్ని ముక్కని తీసుకెళ్ళి మళ్ళీ అక్కడే పెట్టాను.

25 నవంబర్, సోమవారం

చలి. జగ్గమ్మ తన పాత శాలువా నా తలకి చుట్టింది. షెడ్డులో మెషీన్ నా మంకీ క్యాప్ పెట్టుకుంది.

ప్రెషర్ ఫుల్. అదీ నేనూ, రెండు మెషీన్లూ రన్నింగ్. మెయింటెనెన్స్: జగ్గమ్మ.