అద్దం లేకుండా తెరిచిన కళ్లు

దుర్గి

హైదరాబాదులో ఉన్న తమ్ముడు భానుకి అక్క ఆశీస్సులు. ఇక్కడ అందరం కులాసా అని రాయడం రివాజు కాబట్టి రాశాను. నమ్మాలో వద్దో చివరిదాకా చదివి తేల్చుకో. ఫోన్‌లో అయితే నాన్న వింటాడని ఈ ఉత్తరం.

నాన్న ఇంకా మన పక్కింటి గ్రేసమ్మ అత్తను ఎగతాళి చేస్తున్నాడా అని అడిగావు. లేదురా. భర్త సమాధి మీద అన్నం పెట్టి కబుర్లు చెబుతుందని ఇన్నేళ్లూ నవ్వాడా, నీ ఉత్తరంతో ఆ నోరు మూతపడింది. నువ్వు కాలేజీలో పాఠం చెప్పే ఫ్రెంచి తత్వవేత్త, ఆ నాలుగొందల ఏళ్ల కిందటాయన, మనుషులు తమకు అలవాటు లేని ఆచారాన్నే మోటు అంటారని చెప్పాడట కదా. అది చదివి వినిపిస్తే నాన్న ఉలి పక్కన పెట్టేశాడు.

అప్పుడు చెక్కుతున్నది అత్త భర్త ఆరోగ్యస్వామి మామయ్య విగ్రహమే. సమాధి దగ్గర నిలబెట్టడానికి అత్త చేయించుకుంది. పోయినవాళ్ల విగ్రహానికి కళ్లు తెరిచేటప్పుడు మన ఇంట్లో ఎవరూ ఎదురుగా ఉండరు కదా. పక్కన నిలబడి, అద్దంలో చూస్తూ చెక్కుతారు. రాతి తొలిచూపు మనిషి మీద పడకూడదని తాత మాట. నాన్న ఆ అద్దం తీసి నా చేతిలో పెట్టాడు.

"ఆమె అన్నం వింతైతే మన అద్దం మటుకు ఏంది? ఇదీ అలవాటేగా."

పక్కవాళ్లను వెక్కిరించొద్దన్నాడు గానీ, మనది వదిలెయ్యమన్నాడా ఆ ఫ్రెంచి పెద్దాయన? అని నేనంటే నాన్న వినలేదు. ఎదురుగా కూర్చునే కళ్లు చెక్కాడు.

ఇక నీకు చెప్పొద్దని నాన్న ఒట్టు వేయించుకున్న సంగతి. విగ్రహం నిలబెట్టిన రోజు నుంచి నాన్నకు చూపు లేదు. నరసరావుపేటలో డాక్టరు చూసి, కళ్లలో ఏ లోపమూ లేదన్నాడు. గ్రేసమ్మ అత్త అయితే విగ్రహాన్ని ఒక్కసారి చూసి, ఇవి మా ఆయన కళ్లు కాదమ్మా అని తల దించుకుంది.

నాకు భయంగా ఉందిరా. నాన్న మంచం మీద కూర్చుని, కొవ్వొత్తి ఆరిపోయింది, కాకి వాలింది అంటూ ఉంటాడు. మనింట్లో కొవ్వొత్తి ఎక్కడిది? నిన్న ఎవరికీ చెప్పకుండా సమాధుల తోటకు వెళ్లి ఆ విగ్రహం ముందు నిలబడ్డాను. ఏడుపు ఆగలేదు. బోరింగు దగ్గర మొహం కడుక్కుని ఇంటికి వచ్చాను. గడపలో ఉండగానే నాన్న అడిగాడు.

"వాసంతీ, నా ముందు నిలబడి ఎందుకే ఏడ్చావు?"

వచ్చే వారం వస్తానన్నావు కదా. బస్సు దిగి నేరుగా ఇంటికి రావద్దు. ముందు అక్కడికి వెళ్లి కాసేపు విగ్రహానికి ఎదురుగా నిలబడు. నిన్ను చూడాలని నాన్న రోజూ అడుగుతున్నాడు.

ఇట్లు,
నీ రాక కోసం ఎదురుచూసే అక్క
వాసంతి