గీత గీస్తే ఇరవై నాలుగు మైళ్ళు

2015 జనవరి 12

కొత్త చట్టం వచ్చింది. మాజీ సైనికుల ఆసుపత్రి నలభై మైళ్ళకి అవతల ఉంటే ఊళ్ళో డాక్టరు దగ్గరికే వెళ్ళొచ్చు, బిల్లు సర్కారు కడుతుంది. మార్లిస్ కేకు చేసింది. మా కాపురంలో చట్టం పేరిట చేసిన కేకు ఇదొక్కటే.

కుడి కన్ను ఎప్పుడో పోయింది. ఎడమ కంటికి నెలనెలా సూది పడితేనే చూపు నిలుస్తుంది. పోయిన రెండు సూదులూ ఊళ్ళో డాక్టరు దగ్గరే సొంత డబ్బుతో వేయించుకున్నాను, అందుకే పికప్ బండి అమ్మేశాం.

జనవరి 20

ఫోన్ చేశాను. నలభై నిమిషాల సంగీతం తర్వాత ఒకావిడ దొరికింది. మీకు వర్తించదు సార్, మీ ఇంటినుంచి ఆసుపత్రి ఇరవై నాలుగు మైళ్ళే కదా అంది. అమ్మా, రోడ్డున నూట పది, మధ్యలో సరస్సుంది అన్నాను. మ్యాపు మీద సూటిగా గీత గీసి కొలుస్తాం సార్, రూలు అంతే అంది. అయితే ఈదుకుంటూ పొమ్మంటారా అని అడిగాను. జనవరి కదా సార్, వద్దులెండి అంది. పాపం, నిజంగానే అంది.

నౌకాదళంలో పదేళ్ళు మ్యాపుల మీద గీతలు గీసింది నేనే. గీత కింద నేలుందో నీళ్ళున్నాయో చూడకపోతే కెప్టెన్ నన్ను సముద్రంలోకి తోసేవాడు.

ఫిబ్రవరి 17, ఉదయం 6

ఇవాళ సూది. మంచుకి హైవే మూసేశారు, ఆసుపత్రి వ్యాను రాదట. ఎదురింటి గోర్డీ మంచు మీద నడిచే బండి, స్నోమొబైల్ తెచ్చాడు. సరస్సు రాయిలా గడ్డకట్టింది, వాళ్ళు గీసిన గీత మీదే పోదాం పద ముసలోడా అన్నాడు. మార్లిస్ ఇద్దర్నీ తిట్టింది. తిడుతూనే నా చెవులకి మఫ్లరు చుట్టింది.

సాయంత్రం

చేరాం. మీసం గడ్డకట్టింది, నడుం విరిగింది. పదిన్నర అపాయింట్‌మెంటుకి పదింటికే కౌంటరు దగ్గరున్నాను. డాక్టరు రాలేదు. ఆయన రోడ్డున రావాలి కదండీ, రోడ్డు మూసేశారుగా అన్నాడు గుమాస్తా. మళ్ళీ ఏప్రిల్ 14న రమ్మన్నాడు. గోర్డీ బూతులు లంకించుకున్నాడు. నేను అందరి ముందూ ఏడ్చాను.

మార్చి 3

తలుపు చట్రం వంకరగా కనిపిస్తోంది. మార్లిస్‌కి చెప్పలేదు.

మార్చి 19

మార్లిస్ మొహం ఉండాల్సిన చోట బూడిదరంగు మచ్చ. చెప్పేశాను.

ఏప్రిల్ 14

వెళ్ళాను. ఇక సూది దండగన్నాడు డాక్టరు.

ఏప్రిల్ 27

నేను చెబుతున్నాను, మార్లిస్ రాస్తోంది. రూలు మార్చారట. ఇకనుంచి రోడ్డు దూరమే లెక్కట, నేను ఊళ్ళో డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చట. ఉత్తరం పెద్ద పెద్ద అక్షరాల్లో అచ్చు వేశారట, నా కంటి కోసం.