బైపాస్ తిప్పింది నేనే

జులై 28

మెషీన్ వచ్చింది. మనిషెత్తు నీలం ట్యాంకు, పక్కన ఉప్పు తొట్టి. నీళ్లలో సున్నం లాగేస్తుందట. తెచ్చింది అల్లుడుగారు. బాబాయికి అల్లుడు, నాకు చెల్లెలి వరస పిల్లకి మొగుడు, అంటే మరిది. ఇంటిల్లిపాదీ ఆయన్ని అల్లుడుగారనే పిలుస్తారు కాబట్టి నేనూ అలాగే రాస్తాను. నేను పనిచేసే, బాబాయి నడిపే గ్రీన్‌హౌస్‌కి ఆర్నెల్లుగా మేనేజర్ కూడా ఆయనే.

మా బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. మొక్కలకి నీళ్లు బొట్లుబొట్లుగా వదిలే డ్రిప్పర్లు వారానికోసారి మూసుకుపోతాయి. నేనూ ఇద్దరు ఆడవాళ్లూ కూర్చుని యాసిడ్ నీళ్లలో కడుగుతాం. ఆరేళ్లుగా నా వేళ్లు వేళ్లలా లేవు. ఎవరూ చదవని డైరీలో అబద్ధం ఎందుకు, నాకూ సంతోషం వేసింది. అల్లుడుగారికి నా చేత్తో నేనే టీ పెట్టిచ్చాను.

ఆగస్టు 4

ఒక్క డ్రిప్పర్ కూడా మూసుకుపోలేదు. చేతులకి వాజిలిన్ రాసుకుని, ఏమీ చెయ్యకుండా గంటసేపు కూర్చున్నాను.

ఆగస్టు 13

కీరా ఆకుల అంచులు మాడుతున్నాయి. కింది ఆకులు ముందు. వాకిట్లో దొంగని చూసినట్టు గుండె ఝల్లుమంది.

మీటరు పెట్టి చూశాను. బోరు నీళ్ల ఈసీ, అంటే కరిగిన లవణాల లెక్క, 0.9. మెషీన్ దాటి వచ్చిన నీళ్లదీ 0.9. ఎప్పుడూ ఉండేదే. మొక్కలున్న గ్రో బ్యాగుల కింద కారే నీళ్లది మాత్రం 3.8. పోయిన నెల 2.6 దాటలేదు. మొక్కల వేర్ల దగ్గర ఏదో పేరుకుంటోంది. కడిగి పారేద్దామని ఈ రోజు నుంచి నీళ్లు ఒకటిన్నర రెట్లు పెట్టాను.

ఆగస్టు 16

ఎంత కడిగితే అంత మాడుతోంది. ఇదేం చోద్యం. నీళ్లు మళ్లీ మామూలు లెక్కకి తగ్గించాను.

ఆగస్టు 18, మధ్యాహ్నం

పంచాయితీ పెట్టారు. ఆఫీసు గదిలో బాబాయి, అల్లుడుగారు, నిలబెట్టిన నేను. అల్లుడుగారు ఎంతో మర్యాదగా, వదినగారికి పని ఎక్కువై ఎరువు ఎక్కువ పడి ఉంటుందన్నారు. నేను గ్రాముల లెక్కన తూస్తానన్నాను. మరి నీళ్లలో తేడా ఏమైనా ఉందా అని అడిగారు. మీటరు చూపించాను. రెండూ 0.9. ఆయన బాబాయి వైపు చూసి నవ్వారు. నా మీటరే నా మీద సాక్ష్యం చెప్పింది.

రేపటి నుంచి ఎరువు తూచేది ఆయనే. ఎరువుల గది తాళం చెవి కూడా ఆయన దగ్గరే. నేను అరిచాను. అరిచినందుకు బాధ లేదు, ఇంకాస్త బాగా అరవలేదనే బాధ.

ఆగస్టు 20

నేనొక మొద్దుని.

ఉదయం ఉప్పు తొట్టి నింపుతున్నారు. వారానికి రెండు బస్తాలు. ఇంత ఉప్పు ఎక్కడికి పోతోందని అప్పుడు తట్టింది. మెషీన్ సున్నాన్ని పట్టుకుని దాని చోట ఉప్పులోని సోడియాన్ని నీళ్లలోకి వదులుతుంది. గిన్నెలు తోముకోవడానికి అంతకంటే మంచి నీళ్లు ఉండవు. కీరాకి మాత్రం విషం. మీటరు నీళ్లలో ఎంత కరిగిందో చెబుతుంది, ఏం కరిగిందో చెప్పదు. ఒకటి పోయి ఇంకొకటి వస్తే అంకె అంకెలాగే ఉంటుంది. నేను కడిగి పారేస్తున్నాననుకుని మూడు రోజులు ఆ సోడియాన్నే ఒకటిన్నర రెట్లు తాగించాను.

డిప్లొమాలో ఇది చదివాను. పరీక్షలో రాశాను కూడా. సిగ్గుతో తల తీసేసినట్టుంది.

ఆగస్టు 22

మెషీన్ దాటిన నీళ్లు మొన్న ల్యాబ్‌కి పంపాను, కాగితం వచ్చింది. కాల్షియం దాదాపు సున్నా, సోడియం ఆకాశంలో. తీసుకెళ్లి బాబాయి ముందు పెట్టాను. చదివాడు. అర్థమైంది, మొహం చూస్తే తెలిసింది. మడిచి సొరుగులో పెట్టి, అల్లుడి ముందు ఈ మాట ఎత్తొద్దన్నాడు. అల్లుడుగారు తన స్నేహితులందరికీ ఆ మెషీన్ చూపించుకున్నారట. ముందు పంట సంగతి చూడు అన్నాడు. నేను చూస్తున్నది ఇంకేమిటో!

సాయంత్రం పిన్ని కూడా ఫోన్ చేసింది. చెల్లెలి కాపురం గుర్తుపెట్టుకుని సర్దుకుపొమ్మంది. నేనేం దాని కాపురంలో ఉప్పు పొయ్యడం లేదు కదా అన్నాను. పెట్టేసింది.

ఆగస్టు 23

కీరా కొనే కంపెనీకి సరుకు సగం కూడా పోలేదు. కారణం రాతపూర్వకంగా కావాలన్నారట. ఉత్తరం టైపు చేసి నా బల్ల మీద పెట్టారు. ఇరిగేషన్ ఇన్‌చార్జి నిర్లక్ష్యం వల్ల ఎరువు మోతాదు మించిందనీ, బాధ్యత పూర్తిగా నాదేననీ. కింద నా పేరు, పైన ఖాళీ.

సంతకం పెడితే ప్యాకింగ్ షెడ్డులో ఉండొచ్చు. పెట్టకపోతే వచ్చే నెల నుంచి రానక్కర్లేదు. బాబాయి తలుపు దగ్గర నిలబడే చెప్పాడు, లోపలికి రాలేదు.

పెట్టను. పేరు చెడితే ఇంకే గ్రీన్‌హౌస్ గేటూ నాకు తెరుచుకోదు. అది ఒక కారణం. అసలు కారణం, నేను చెయ్యలేదు.

ఆగస్టు 24, ఉదయం 5:40

బైపాస్ వాల్వు మెషీన్ వెనక, గోడవైపు ఉంటుంది. వంగితే గాని కనబడదు. అల్లుడుగారు వంగరు. తిప్పేశాను.

ఇక నీళ్లు మెషీన్‌లోకి పోవు. ముందు లైటు మాత్రం పచ్చగా వెలుగుతూనే ఉంటుంది.

ఆగస్టు 28

డ్రిప్పర్లు మూసుకుపోవడం మొదలైంది. పొద్దున్నే వచ్చి ఒక్కదాన్నే కడుగుతున్నాను. వేళ్లు మండుతున్నాయి. మండనీ.

సెప్టెంబరు 2

కొత్త ఆకులు మాడలేదు! చివరి వరసదాకా నడిచి చూశాను. ఒక మొక్కని బుగ్గ గిల్లినట్టు గిల్లాను కూడా.

సెప్టెంబరు 4

ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు. పంట కోలుకుందని బాబాయి అల్లుడుగారి వీపు తట్టాడు. తను తూచబట్టే ఎరువు సరిపోయిందనీ, మెషీన్ మంచినీళ్లు ఇవ్వబట్టే మొక్క నిలబడిందనీ ఆయన చెప్పుకున్నారు. నేను చేసిన మంచి పని నా తప్పుకే రుజువైపోయింది. దొంగచాటుగా చేస్తే ఇంతే. నోరు విప్పి చెయ్యాల్సింది.

ఎల్లుండి కంపెనీ మనిషి చూడటానికి వస్తున్నాడు. ఉత్తరం అతని చేతికే ఇస్తారట. బాబాయి మళ్లీ పెన్ను తెచ్చి పెట్టి వెళ్లాడు.

సెప్టెంబరు 6

వరసగా రాస్తాను, లేకపోతే రేపటికి నాకే నమ్మకం ఉండదు.

కంపెనీ మనిషి పదింటికి వచ్చాడు. చెమటలు కక్కుతూ వరసలన్నీ తిరిగాడు. అల్లుడుగారు పంపు రూములో మెషీన్ ముందు నిలబడి ఉపన్యాసం మొదలుపెట్టారు. నేను తలుపు దగ్గరున్నాను. బాబాయి నన్ను పొమ్మని కళ్లతో సైగ చేశాడు. పోలేదు.

ఉప్పు బస్తాలు ఎన్ని వాడారని అల్లుడుగారిని అడిగాను. వారానికి రెండు అన్నారు ఠక్కున. మూలన బస్తాలు చూపించాను. రెండు వారాల నాలుగూ అక్కడే ఉన్నాయి. కుట్టు విప్పలేదు, పైన దుమ్ము.

"మరిదిగారూ, పదమూడు రోజులుగా మీ మెషీన్‌లోకి చుక్క నీళ్లు పోలేదు. బైపాస్ తిప్పింది నేనే" అన్నాను.

కంపెనీ మనిషి వంగి గోడవైపు చూశాడు. ఎరువు పుస్తకం తెరిచాను. ఆగస్టు పద్దెనిమిది వరకూ నా రాత, తర్వాత ఆయన రాత. అవే గ్రాములు. నేను రాసి గోడకి అంటించిన మోతాదుల పట్టీ చూసి తూచారు పాపం, ఇంకేం చేస్తారు. ల్యాబ్ కాగితం నకలు కూడా ఇచ్చాను.

అల్లుడుగారు ఎర్రబడి కారెక్కి వెళ్లిపోయారు. కంపెనీ మనిషి, ఇదంతా రాసి సంతకాలతో పంపితే వచ్చే సీజనూ మీ దగ్గరే కొంటామన్నాడు. ఈ గ్రీన్‌హౌస్ ఫారం తరఫున కూడా సంతకం ఉండాలన్నాడు.

బాబాయి ఒక్క మాటే అన్నాడు. "నలుగురిలో నా పరువు తీశావే."

నా పరువు ఒక్కరి ముందు తీసినా ఫరవాలేదు కాబోలు.

సెప్టెంబరు 7

ఉత్తరం నేనే రాశాను. మెషీన్ ఎప్పుడు పెట్టారు, నీళ్లలో ఏం మారింది, ఎప్పుడు ఆపాం. మూడు రోజులు తప్పుడు నీళ్లు ఎక్కువ పెట్టింది నేనేనని కూడా రాశాను, అది నిజం గనుక. కింద సంతకం చేశాను. పక్కన ఫారం సంతకానికి చోటు వదిలాను. బాబాయి చదవను కూడా చదవలేదు.

పాత ఉత్తరం చింపి డస్ట్‌బిన్‌లో వేశాను.

సెప్టెంబరు 8

ఎవరూ రాలేదు. డ్రిప్పర్లు కడిగాను.

సెప్టెంబరు 9, ఉదయం

ఫారం కాగితాల్లో పిన్ని పేరు మీద ఉంది. ఇన్నేళ్లూ బాబాయి వేలు పెట్టిన చోట సంతకం చెయ్యడమే ఆవిడ పని. ఈ రోజు ఒక్కతే వచ్చింది. కళ్లజోడు తుడుచుకుని ఉత్తరం రెండుసార్లు చదివింది. సోడియం అంటే ఏమిటని అడిగింది. చెప్పాను.

"ఎక్కడ పెట్టాలమ్మా?" అంది.

చూపించాను.